లీటరుకు ఇరవై మూడు పాయింట్ ఆరు

మా పిన్నిని పెట్రోల్ బంకులో 'క్లిక్ మేడమ్' అంటారు. ఆ పేరు పెట్టింది అక్కడ పనిచేసే అమ్మాయే అయినా, చుట్టాలందరికీ మోసుకొచ్చి పంచిపెట్టినవాణ్ని నేను. ఆ బంకులో నాలుగు మెషీన్లుంటాయి. పిన్ని మూడో మెషీన్ దగ్గర తప్ప పోయించుకోదు. మిగతావి ఖాళీగా ఉన్నా సరే, మూడోదాని ముందు నాలుగు బళ్లుంటే తను ఐదోదై నిలబడుతుంది. వెనకవాళ్లు హారన్ కొడితే కిటికీలోంచి చెయ్యి చాపి, ఖాళీ మెషీన్ వైపు మర్యాదగా దారి చూపిస్తుంది. నాజిల్ మొదటిసారి 'క్లిక్'మని ఆగగానే "చాలమ్మా" అంటుంది. ఆ పైన ఒక్క చుక్క పడనివ్వదు.

"రౌండ్ ఫిగర్ చేసేస్తాను మేడమ్, చిల్లర లేదు" అని మొదట్లో ఆ అమ్మాయి బతిమాలేదట.

"చిల్లర నువ్వే ఉంచుకో తల్లీ, ట్యాంకు మాత్రం ముట్టుకోకు" అనేదట పిన్ని.

ఓసారి నేను పక్క సీట్లో ఉండి ఒంటికాలి మీద లేచాను. "పావుగంట నుంచి నిలబడ్డాం. అన్నిట్లోనూ వచ్చేది ఒకే పెట్రోలు కదా పిన్నీ!"

"పెట్రోలు ఒకటేరా, నేల ఒకటి కాదు. ఇక్కడొక్కచోటే సమంగా ఉంది. మిగతా చోట్ల బండి ఓ పక్కకి ఒరుగుతుంది. ఒరిగితే ఓసారి అర లీటరు ఎక్కువ పడుతుంది, ఇంకోసారి తక్కువ పడుతుంది. అప్పుడు నా పుస్తకం అబద్ధం చెప్తుంది."

ఆ పుస్తకం సంగతి ముందే చెప్పేస్తాను. నీలం గుడ్డ అట్ట వేసిన పొడుగు రిజిస్టరు. బాబాయి బైండింగ్ పనిచేసేవాడు కాబట్టి ఆయనే కుట్టి ఇచ్చాడు. పెన్సిలుకు దారం కట్టి అట్టకే వేలాడదీశాడు, పెన్సిలు ఏ సీటు కిందకో దొర్లిపోతే ఆవిడ బండి ఆపి వెతుకుతుందని. తేదీ, ఎవరిని తీసుకెళ్లింది, ఎన్ని కిలోమీటర్లు, లీటరుకు ఎంత వచ్చింది (ట్రిప్పు ట్రిప్పుకీ బండి తెర మీద చూసి రాస్తుంది, బంకులో పోయించినప్పుడు సరిచూసుకుంటుంది), చివర్న 'కారణం' అని ఒక గడి. మైలేజీ రోజూ వచ్చేదానికంటే పెరిగినా తగ్గినా ఎందుకో ఆ గడిలో రాయాలి. 'వాన.' 'రోడ్డు తవ్వారు.' 'టైర్లలో గాలి తక్కువ.' 'నా తొందర.' ఈ చివరిది ఆ పుస్తకంలో చాలాచోట్ల కనిపిస్తుంది. తన తప్పు రాసుకోవడానికి పిన్నికి చెయ్యి వణకదు.

ఇంతకీ ఆవిడ చేసే పనేమిటంటే, కిడ్నీలు పాడైనవాళ్లను ఇంటి దగ్గర ఎక్కించుకుని డయాలసిస్ సెంటరుకు చేర్చడం, నాలుగ్గంటలయ్యాక మళ్లీ ఇంటి దగ్గర దింపడం. సెంటరువాళ్లు కిలోమీటరుకు ఇంత అని ఇస్తారు. పెట్రోలు, ఆయిలు, టైర్లు, రిపేర్లు అన్నీ ఆవిడ నెత్తినే. ఆ ఇచ్చేదానికీ అయ్యే ఖర్చుకీ మధ్య మిగిలిందే ఆవిడ సంపాదన. వయసు యాభై తొమ్మిది. మనిషి పొట్టి. సీటు మీద దిండు వేసుకుంటే గానీ బానెట్ కనిపించదు.

నేను మెకానిక్కును. పెళ్లాం పిల్లల కంటే ఇంజన్లతో ఎక్కువ మాట్లాడే రకం. ఇరవై రెండేళ్లుగా సొంత షెడ్డు నడుపుతున్నాను. నా కింద ముగ్గురు పనివాళ్లున్నారు. ముక్కు మీద కోపం అనే మాట నన్ను చూశాకే పుట్టిందని మా ఆవిడ అంటుంది. పిన్ని ఎనిమిదేళ్ల కిందట హైబ్రిడ్ కొంటానన్నప్పుడు ఆ కోపమంతా చూపించాను.

"ఒక బండిలో రెండు ప్రాణాలు ఎందుకు పిన్నీ? ఇంజనుంటే ఇంజన్ మీద పోవాలి, బ్యాటరీ ఉంటే బ్యాటరీ మీద పోవాలి. రెండూ ఉంటే రెండూ చెడిపోతాయి. నాలుగేళ్లలో బ్యాటరీ చస్తుంది, నా దగ్గరికొచ్చి ఏడుస్తావు."

"ఏడిస్తే ఏడుస్తాలే. ముందు మీ అమ్మను కూర్చోబెట్టి చూద్దాం, ఎలా ఉంటుందో."

ఆవిడ మొదటి పేషెంటు మా అమ్మే.

అమ్మకు డయాలసిస్ మొదలైనప్పుడు నా దగ్గరున్నది ఒక పాత డీజిల్ వ్యాను. నా చేత్తో పుట్టించినంత బాగా చూసుకున్న వ్యాను. కానీ అది ఎక్కాలంటే అమ్మను నేనూ పిన్నీ రెండు చంకల కిందా పట్టుకుని లేపాల్సి వచ్చేది. వచ్చేటప్పుడు ప్రతి గేరుకూ ఒక కుదుపు, ప్రతి బ్రేకుకూ ఒక వాంతి. పిన్ని వెనక కూర్చుని గిన్నె పట్టుకునేది. ఓ రోజు అమ్మ, "రేపటి నుంచి నేను రానే చెల్లీ, చచ్చినా ఇంట్లోనే చస్తాను" అంది. పిన్ని ఆ వారమే నగలు అమ్మేసి, బ్యాంకులో మిగతా అప్పు తీసుకుని ఈ బండి తెచ్చింది. డ్రైవింగ్ కూడా అప్పుడే నేర్చుకుంది, యాభై ఒకటో ఏట.

ఆ బండి మామూలు కారంత కిందా ఉండదు, జీపంత ఎత్తూ ఉండదు. అమ్మ తలుపు దగ్గర నిలబడి వెనక్కి వాలితే చాలు, సీటు వచ్చి ఆవిడ నడుముకు సరిగ్గా తగిలేది. వంగక్కర్లేదు, ఎక్కక్కర్లేదు. మొదటిరోజు బండి కదిలి వీధి చివరికి వచ్చాక అమ్మ, "ఇంకా స్టార్ట్ చెయ్యవేమే?" అని అడిగింది. బ్యాటరీ మీద అంత చప్పుడు లేకుండా కదిలింది.

పుస్తకం మొదలుపెట్టింది కూడా అమ్మే. ఆవిడ దస్తూరి ముత్యాల్లా ఉండేది. వెనక సీట్లో కూర్చుని, పిన్ని అంకెలు చదువుతుంటే రాసేది. కొన్నాళ్లకు ఇద్దరూ ఒక సంగతి కనిపెట్టారు. అమ్మకు వాంతి వచ్చిన రోజల్లా లీటరుకు పంతొమ్మిది, ఇరవై. అమ్మ హాయిగా కళ్లు మూసుకుని వచ్చిన రోజల్లా ఇరవై మూడు దాటేది. సడన్ బ్రేకు వేస్తే, చక్రాలు నెమ్మదించేటప్పుడు బండి పోగేసుకోవాల్సిన కరెంటు వేడిగా పోతుంది, అమ్మ కడుపూ కదులుతుంది. దూరంగా ఎర్రలైటు కనపడగానే కాలు తీసేసి మెల్లగా దొర్లిస్తే బ్యాటరీ నిండుతుంది, అమ్మ మెడ కూడా కదలదు. బండికి ఏది మంచిదో మనిషికీ అదే మంచిదని ఆ అక్కచెల్లెళ్లిద్దరూ అంకెలు వేసుకుని మరీ తేల్చారు. అప్పటినుంచి పిన్ని మైలేజీ చూసుకునేది డబ్బు కోసమే కాదు. వెనక సీట్లో మనిషి ఎలా వచ్చారో అది చెప్తుందని. నేను మాత్రం చాలాకాలం వరకు దాన్ని పిసినారితనం కిందే జమకట్టాను.

అమ్మ పోయి ఐదేళ్లయింది. పిన్ని బండి అమ్మలేదు. సెంటరుకు వెళ్లి, అమ్మలాంటివాళ్లు ఇంకెవరన్నా ఉంటే తీసుకొస్తానని అడిగింది.

బండి గురించి నేనూ కొంచెం నిజం ఒప్పుకోవాలి. అది నా పొట్ట కొట్టే బండి. క్లచ్ లేదు, మార్చడానికి. స్టార్టర్ మోటారు లేదు, కాలిపోవడానికి. లక్షా నలభై వేల కిలోమీటర్ల దగ్గర బ్రేకులు విప్పితే ప్యాడ్లు సగానికి పైగా ఉన్నాయి. నా షెడ్డుకొచ్చే మిగతా బళ్లు అప్పటికి మూడు నాలుగు జతలు తినేసి ఉంటాయి. నేను ఆ ప్యాడ్లను పనివాళ్లకు చూపించి, "చూడండ్రా, బ్రేకు తొక్కడం చేతకాని ఆడమనిషి" అన్నాను. వాళ్లు నవ్వారు. నవ్వినా ఆ ప్యాడ్లను ఒకళ్ల చేతిలోంచి ఒకళ్లు అందుకుని చాలాసేపు చూశారు. ఏడాదికి రెండుసార్లు ఆయిలు, ఫిల్టరు, నాలుగేళ్లకోసారి మామూలు చిన్న బ్యాటరీ, టైర్లు. అంతకుమించి ఎనిమిదేళ్లలో నాకు ఆవిడ పెట్టిన ఖర్చు లేదు. హైబ్రిడ్ బళ్ల మీద క్లాసు పెడుతున్నాం రమ్మని మా మెకానిక్కుల సంఘం రెండుసార్లు పిలిచింది. ఆయిలు మార్చడానికి క్లాసెందుకని నేను వెళ్లలేదు.

ఇక అసలు కథ.

ఈ ఏడు ఎండలు మొదలయ్యే ముందు పిన్ని బండి సర్వీసుకొచ్చింది. వెనక సీటు కింద, కాళ్ల దగ్గర, బూడిద రంగు రగ్గు పడి ఉంది. అది మా అమ్మది. డయాలసిస్ అయ్యాక కొందరికి ఎంత ఎండలోనూ వణుకు వస్తుంది. అమ్మకు వచ్చేది. ఇప్పుడు సోమ, బుధ, శుక్రవారాల్లో వచ్చే మాస్టారికి వస్తుంది. ఈయన నాకు లెక్కల్లో పదిహేడు మార్కులు వేసిన మహానుభావుడు. రగ్గు ఆయన కోసమే ఉంచింది. అది అలా కాళ్ల కింద పడి ఉండటం చూసి నా మనసుకెలాగో అయింది. ఇనప వల ముక్క వంచి, అంచులు రాకి, నల్లరంగు వేసి, చక్కటి బుట్ట తయారుచేశాను. వెనక సీటు పక్కన, అరచెయ్యంత ప్లాస్టిక్ జాలీ ఉన్నచోట నాలుగు స్క్రూలతో బిగించాను. ఆ జాలీ స్పీకరుది అనుకున్నాను. రగ్గు నాలుగు మడతలేసి అందులో దూర్చితే అచ్చం కొలత తీసి కుట్టినట్టు పట్టింది.

పిన్ని చూసి ఎంత మురిసిపోయిందో! "మీ అమ్మ రగ్గుకి ఇల్లు కట్టావురా" అంది. నేను ఆ పూటంతా ఈలవేస్తూ పనిచేశాను.

నెల తిరక్కుండా మైలేజీ పడిపోవడం మొదలైంది. ఇరవై రెండు. ఇరవై ఒకటి. పిన్ని మొదట 'ఎండ, ఏసీ' అని రాసింది. తర్వాత గాలి చూసింది, పెట్రోల్ బంకు అమ్మాయిని నిలదీసింది, తన కాలిని తనే అనుమానించి వరసగా నాలుగు రోజులు 'నా తొందర' అని రాసుకుంది. పంతొమ్మిదికి వచ్చేసరికి వెనకనుంచి ఏదో బుసకొడుతున్న చప్పుడు వస్తోందని నాకు ఫోన్ చేసింది. ఆ మర్నాడే ముందు అద్దం కింద ఎర్రదీపం వెలిగింది.

నేను కంప్యూటర్ తగిలించి చూశాను. 'బ్యాటరీ వేడి' అని వచ్చింది. ఎనిమిదేళ్లుగా ఎదురుచూసిన మాట! నిజం చెప్పాలంటే ఒక్క క్షణం నాకు సంతోషమేసింది, నేను అప్పుడే చెప్పాను కదా అని. ఆ క్షణం గుర్తొస్తే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

"బ్యాటరీ అయిపోయింది పిన్నీ. బుసకొట్టేది దాని ఫ్యానే. వేడి తట్టుకోలేక తిరుగుతోంది. కొత్తది వేయించాలంటే కంపెనీవాళ్లు చెప్పిన రేటుకి రెండు పాత వ్యాన్లు వస్తాయి."

"వెయ్యకపోతే?"

"ఏదో ఓ రోజు నడిరోడ్డు మీద ఆగిపోతుంది. లోపల పేషెంటుతో."

పేషెంటు అన్న మాట పిన్నిని పట్టుకుంది. నేనే బ్రోకరును మాట్లాడాను. శనివారం పొద్దున పదింటికి షెడ్డుకొచ్చి చూసుకుని, సగం ధరకి పట్టుకుపోతానన్నాడు. ఆ డబ్బుతో ఒక మంచి డీజిల్ వ్యాను చూస్తానని పిన్నితో చెప్పాను.

"వద్దురా. వ్యానైతే నేను నడపను" అంది. "ఆ వ్యానులో మీ అమ్మ ఎలా వచ్చేదో నేను చూశాను. అలా ఇంకొకళ్లని తీసుకురాలేను. ఈ బండి పోతే ఇంట్లో కూర్చుంటా."

"మరి మాస్టారు?"

"సెంటరువాళ్ల వ్యాను పంపమని అడగాలి" అంటూ మొహం పక్కకి తిప్పుకుంది. ఆ వ్యాను మెట్టు నా మోకాలంత ఎత్తుంటుందని ఇద్దరికీ తెలుసు. దానికి సర్వీసు చేసేది నేనే.

ఇంకెవరైనా అయితే శనివారం వరకున్న ఆ నాలుగు రోజులూ ఏడుస్తూ కూర్చునేవాళ్లు. పిన్ని పుస్తకం ముందేసుకుని కూర్చుంది. ఆ సంగతి తర్వాత బాబాయి చెప్పాడు. వంటింట్లో బల్ల మీద పుస్తకం తెరిచి, 'వెళ్లడం' ఒక కాగితం మీద, 'రావడం' ఇంకో కాగితం మీద విడివిడిగా రాసిందట. టీ చల్లారిపోతోందని చెప్తే, "పదిహేడున్నర" అందట. "టీ గురించి అడిగితే పదిహేడున్నర అన్న ఆడదాన్ని నేను మొదటిసారి చూశాన్రా" అన్నాడు బాబాయి.

ఆవిడకు కనపడిందేమిటంటే, దీపం వెలిగిన ఈ నెలలో కూడా కొన్ని రోజులు లీటరుకు ఇరవై మూడు వచ్చింది. అవన్నీ సోమ, బుధ, శుక్రవారాలు. అవి కూడా వెళ్లేటప్పుడు కాదు, మాస్టారిని ఇంటికి తీసుకొచ్చేటప్పుడే. మాస్టారు వెళ్లేది పొద్దున ఏడింటికి, చల్లపూట. వచ్చేది మిట్టమధ్యాహ్నం, మాడే ఎండలో. బ్యాటరీ నిజంగా చచ్చిపోతూ ఉంటే ఎండలో కదా పడిపోవాలి? ఇక్కడ చల్లగా ఉన్నప్పుడు పడిపోయి, ఎండలో లేచి కూర్చుంటోంది.

శుక్రవారం పొద్దున ఈ లెక్క మాస్టారికి చూపించింది. ఆయన కళ్లజోడు సర్దుకుని, "దీనికి ఒకటే కారణం. డయాలసిస్‌లో నా ఒంట్లోంచి రెండున్నర కిలోల నీళ్లు తీసేస్తారు. నేను తేలికైపోయానని మీ బండి సంతోషిస్తోంది" అన్నారట.

"జోకులు తర్వాత వేద్దురు గానీ, వచ్చేటప్పుడు మీరు ఇంకేం చేస్తారో చెప్పండి."

"ఏం చేస్తానమ్మా? రగ్గు కప్పుకుని నిద్రపోతాను."

పిన్ని బండి పక్కకు తీసి ఆపింది. దిగి వెనక తలుపు తెరిచి, బుట్టలోంచి రగ్గు లాగి మాస్టారి ఒళ్లో పడేసింది. చెమట పోస్తోందని ఆయన గోల పెడుతున్నా వినలేదు. రెండు కిలోమీటర్లు వెళ్లేసరికి బుస తగ్గింది. సెంటరు చేరేసరికి తెర మీద ఇరవై రెండు పాయింట్ తొమ్మిది.

శనివారం పదింటికి బ్రోకరు వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని షెడ్డు ముందు తిరుగుతున్నాడు. కాసేపటికి పిన్ని వచ్చింది. బండి దిగుతూనే అతనితో, "మిమ్మల్ని శ్రమ పెట్టాను, ఏమీ అనుకోకండి. బండి అమ్మట్లేదు" అంది. అతను నావైపు చూశాడు. నేను పిన్ని వైపు చూశాను.

"లోపలికి రా" అని నన్ను వెనక సీట్లోకి పిలిచి తలుపు వేసింది. పనివాళ్లు బయట ఉన్నారు. ఆవిడ గొంతు తగ్గించింది.

"రగ్గు తియ్యి."

తీశాను.

"ఇప్పుడు ఆ బుట్ట సందులోంచి జాలీకి కాగితం పెట్టు."

జేబులోంచి ఒక బిల్లు తీసి పెట్టాను. కాగితం నా వేళ్లలోంచి జారి జాలీకి టపుక్కున అతుక్కుంది. లోపలికి గాలి లాగుతోంది! స్పీకరు గాలి లాగదని నాకు తెలుసు. బ్యాటరీ ఊపిరి పీల్చుకునే ముక్కు అది. దాని మీద నేను, చక్కగా నాలుగు స్క్రూలు బిగించి, మా అమ్మ రగ్గు నాలుగు మడతలేసి కుక్కాను. తర్వాత బండితో కంపెనీవాళ్లిచ్చిన పుస్తకం తీసి చూస్తే, అక్కడ ఏమీ అడ్డం పెట్టొద్దని బొమ్మ వేసి మరీ రాసి ఉంది.

నాకు తల తీసేసినట్టయింది. మరో అరగంటైతే నా చేత్తోనే ఆవిడ బండిని అమ్మించేవాణ్ని. ఆవిడ పని పోయేది. మాస్టారు ఆ వ్యాను మెట్టు ఎక్కలేక కొన్నాళ్లకు ఇంట్లోనే ఉండిపోయేవారు, మా అమ్మ అన్నట్టే. నేను ఆ చెత్త సలహా ఇచ్చి, పైగా గొప్ప మెకానిక్కునని ఈలవేసుకుంటూ తిరిగేవాణ్ని.

"పిన్నీ, నేను..."

"స్క్రూ డ్రైవర్ తీసుకురా" అంది.

బుట్ట విప్పాను. జాలీ ఊడదీసి చూస్తే లోపల ఫిల్టరు మీద బూడిద రంగు నూగు కొంచెం పట్టింది. తుడిచి బిగించాను. ఎర్రదీపం మళ్లీ వెలగలేదు. బయట పనివాళ్లు ఏమైందని అడిగితే, "బాగైంది" అని మాత్రం చెప్పి పిన్ని వెళ్లిపోయింది. ఎవరి వల్ల చెడిందో చెప్పలేదు. సోమవారం ఫోన్ చేసి, "ఇరవై మూడు పాయింట్ ఆరు" అని ఒక్క మాట చెప్పి పెట్టేసింది. నా జన్మలో ఏ అంకె విన్నా అంత ఊరట కలగలేదు.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. మూడు వారాల తర్వాత సెంటరు మేనేజరు తన వ్యాను సర్వీసుకు తెచ్చి, నా ముందు జిరాక్సు కాగితాల కట్ట పెట్టాడు. పిన్ని పుస్తకం కాపీ. ఏటా కిలోమీటరు రేటు తేల్చేముందు ఆయన అది అడిగి తీసుకుంటాడు.

"ఎనిమిదేళ్ల లెక్క చదివానండీ. మా వ్యాను మీద కిలోమీటరుకు అయ్యేదాంట్లో సగం కూడా ఆవిడకు అవ్వట్లేదు. మేం కూడా అలాంటి బళ్లు రెండు కొంటున్నాం. వాటి పని మీరే చూడాలి. హైబ్రిడ్ బాగా తెలిసినవాళ్లు దొరకడం కష్టం, మీరు చేసింది ఇందులో చదివాను."

పిన్ని ఆ రోజు నిజం రాసి ఉంటుంది. రాయక ఏం చేస్తుంది? నేల సమంగా లేని చోట పెట్రోలు పోయించుకోని మనిషి. ఈయన వెటకారం చేస్తున్నాడనుకుని కాగితం అందుకున్నాను. ఆ శనివారం తేదీ వెతికాను. కారణం గడిలో ఇలా ఉంది: 'జాలీలో దుమ్ము పట్టింది. మా అక్క కొడుకు కనిపెట్టి శుభ్రం చేశాడు.'

రెండుసార్లు చదివాను. మేనేజరు నవ్వుమొహంతో నావైపు చూస్తున్నాడు. ఆయన వెటకారం చెయ్యట్లేదు.

"సార్, కనిపెట్టింది నేను కాదు, ఆవిడే. జాలీ మూసేసిందే నేను" అన్నాను. జరిగిందంతా చెప్పాను. పక్కనున్న నా పనివాళ్లు స్పానర్లు పట్టుకుని అలాగే ఆగిపోయారు. "నాకు హైబ్రిడ్ తెలీదు. క్లాసుంది, వెళ్లి నేర్చుకొస్తాను. అప్పుడూ నమ్మకముంటే బళ్లు పంపండి."

ఆయన కాసేపు గడ్డం గోక్కుని, "నేర్చుకున్నాకే కొంటాంలెండి" అని వెళ్లిపోయాడు.

సాయంత్రం పిన్ని ఇంటికి వెళ్లాను. గేటు ముందు బండి తుడుస్తోంది.

"పిన్నీ, నీ పుస్తకంలో అబద్ధం ఉంది."

"ఎక్కడ?" అని తడిగుడ్డ వదిలేసి వచ్చింది. అంకె తప్పు పడిందేమోనని మొహంలో కంగారు. నేను ఆ గడి చూపించగానే ఊపిరి పీల్చుకుంది. "ఓస్, ఇదా! దుమ్ము లేదేంట్రా? కాస్త ఉందిగా."

"దుమ్ము కాదు, నా బుట్ట."

"అంకె ఒక్కటి మార్చలేదు. కావాలంటే మాస్టారి చేత కూడించుకో."

"నీ తప్పైతే 'నా తొందర' అని ఎన్నిసార్లు రాసుకున్నావు? నాది ఒక్కసారి రాస్తే ఏం పోయేది?"

పిన్ని చేతులు చీరకు తుడుచుకుని, బండిలోంచి పుస్తకం తెచ్చింది. మొదటి పేజీ తిప్పింది. అమ్మ దస్తూరి. మొదటి తేదీ, మొదటి అంకె, కారణం గడిలో 'చెల్లి బాగా నడిపింది' అని ముత్యాల్లాంటి అక్షరాలు.

"ఇది మొదలుపెట్టింది మా అక్క" అంది పిన్ని. "ఆవిడ పుస్తకంలో ఆవిడ కొడుకు తప్పు నా చేత్తో రాయనా?"

ఆవిడ మళ్లీ గుడ్డ తీసుకుని అద్దం తుడవడం మొదలుపెట్టింది.

"ఎక్కు, మీ ఇంటి దగ్గర దింపుతా. వెనక కూర్చో, ముందు సీటు మీద నీళ్లు పడ్డాయి."

అమ్మ కూర్చునేచోట కూర్చున్నాను. పక్కన రగ్గు మడిచి ఉంది. ఒళ్లోకి తీసుకున్నాను. బండి ఎప్పుడు కదిలిందో తెలియలేదు. మలుపులో ఒళ్లు ఒరగలేదు, సిగ్నలు దగ్గర మెడ కదల్లేదు. నా షెడ్డుకు వచ్చిన బళ్లన్నీ నడిపి చూశాను గానీ, పేషెంటు సీట్లో కూర్చుని ఆవిడ నడపడం చూడటం అదే మొదటిసారి. ఆ చివరి మూడేళ్లూ మా అమ్మ ఇలా ఇంటికి వచ్చిందని అప్పుడు అర్థమై, ఆపుకోలేక ఏడ్చాను. పిన్ని మా వీధి మొదట్లోనే కాలు తీసేసి, ఇంటి ముందుకు మెల్లగా దొర్లించి ఆపింది. పెన్సిలు అందుకుని అంకె రాసింది.

తర్వాత చూశాను. ఆ రోజు లీటరుకు ఇరవై నాలుగు పాయింట్ రెండు. అంత ఎప్పుడూ రాలేదు. కారణం గడి మాత్రం ఖాళీగా వదిలేసింది.